నకలు నేర్పే చదువు: ఇంటి షెడ్డులో కట్టిన స్పోర్ట్స్ కారు

(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తెలుగునాడుకు వెలుపల ఒక తెలుగు పాఠశాల డెబ్బై అయిదేళ్లు నిలిచిందంటే, ఆ వేదికపై భాషను గురించి, సంస్కృతిని గురించి మాట్లాడడం రివాజు. నేటి ప్రసంగానికి విషయం మాత్రం ఒక కారు. అదీ పెద్ద కార్ఖానాలో తయారై వచ్చిన కారు కాదు. ఏనాడో ఎవరో నిర్మించిన ఒక ప్రసిద్ధమైన స్పోర్ట్స్ కారును చూసి, అటువంటిదానినే ఒక సామాన్యుడు తన ఇంటి వెనుక షెడ్డులో కట్టుకున్న కారు. బడి పండుగకూ దీనికీ పొత్తు ఏమిటన్న సందేహం సహజమే. ఆ పొత్తు ‘నకలు’ అనే ఒక్క మాటలో ఉంది.

బడిలో నకలు అంటే తప్పు. పక్కవాడి కాగితం చూసి రాస్తే శిక్ష పడుతుంది. గైడులోని జవాబును అర్థం తెలియకుండా కంఠస్థం చేసి అక్షరం పొల్లుపోకుండా దింపడం కూడా నకలే. దానికి శిక్ష పడకపోగా మార్కులు పడతాయి. ఇవి రెండూ కాక లోకంలో మూడవ రకం నకలు ఒకటి ఉంది. తండ్రి నేసిన అంచును చూసి కొడుకు నేస్తాడు. గురువు చెక్కిన విగ్రహాన్ని చూసి శిష్యుడు చెక్కుతాడు. ఇక్కడ చూసి చేయడమే చదువు. అర్థం కాకపోతే చేయి ముందుకు సాగదు. ఇంట కట్టిన కారు ఈ మూడవ రకానికి చక్కని ఉదాహరణ. దాని కథ ఇంగ్లండులో మొదలవుతుంది.

1948లో లండన్ నగరంలో కొలిన్ చాప్‌మన్ అనే ఇరవై ఏళ్ల యువకుడు యూనివర్సిటీ కాలేజీలో నిర్మాణశాస్త్రం చదువుతుండేవాడు. వంతెనలు, పైకప్పులు ఎంత బరువు మోయగలవో లెక్కగట్టే శాస్త్రం అది. తాను పెళ్లాడబోయే హేజెల్ విలియమ్స్ ఇంటి వెనుకనున్న చిన్న గ్యారేజీలో అతడు ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును ఊడదీశాడు. 1920లలో వేల సంఖ్యలో అమ్ముడుపోయిన చౌకరకం బండి అది. దాని పైభాగాన్ని తొలగించి, ప్లైవుడ్డుతోను, అల్యూమినియం రేకుతోను తేలికైన ఒంటిని తొడిగి పోటీలకు తీసుకుపోయాడు. లోటస్ అనే పేరు పెట్టుకున్న మొదటి బండి అదే. 1952లో లోటస్ సంస్థ వెలసినప్పుడు దానికి మూలధనం హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌండ్లని చెబుతారు. 1957లో ఆ సంస్థ ‘లోటస్ సెవెన్’ అనే రెండు సీట్ల చిన్న కారును బయటకు తెచ్చింది.

చూడడానికి అది నిరాడంబరమైన బండి. పైకప్పు లేదు, తలుపులు లేవు. ముందు చక్రాలు బయటికే కనిపిస్తుంటాయి. తొలినాటి ఇంజను ఫోర్డు వారి మామూలు ఇంజను. దాని శక్తి సుమారు 40 అశ్వశక్తి మాత్రమే. అయినా ఆ కారు తనకంటె ఎన్నో రెట్లు ఖరీదైన కార్లతో పోటీపడింది. దాని మొత్తం బరువు అర టన్నుకు లోపు ఉండడమే ఇందుకు కారణం.

ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా ఈ సంగతిని లెక్క వేసుకోవచ్చు. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుందని న్యూటన్ సూత్రం. వేగం పుంజుకోవాలంటే బలాన్నైనా పెంచాలి, బరువునైనా తగ్గించాలి. బలం పెంచాలంటే పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజనుకు బలమైన చట్రం కావాలి. బలమైన చట్రానికి లావైన టైర్లు, పెద్ద బ్రేకులు కావాలి. అన్నీ కలిసి మళ్లీ బరువు పెరుగుతుంది. బరువు తగ్గిస్తే ఈ చక్రం వెనక్కి తిరుగుతుంది. అందరూ ఎరిగిన అంబాసిడర్ కారు 1100 కిలోలకు పైమాటే. మారుతి 800 కారు సుమారు 650 కిలోలు. ఇంట కట్టిన సెవెన్ నకలు ఒకటి 550 కిలోలు తూగి, దానిలో ఏ పాత కారు నుండో తీసిన 100 అశ్వశక్తి ఇంజను ఉన్నదనుకుంటే, టన్నుకు 180 అశ్వశక్తి లెక్కకు వస్తుంది. అదే ఇంజనును 1100 కిలోల కారులో పెడితే ఆ సంఖ్య 90 దగ్గర ఆగిపోతుంది. ఖాళీ బండిని లాగే ఎద్దు పరుగు, వడ్ల బస్తాలు నింపిన బండిని లాగే ఎద్దు నడక పల్లెపట్టున ఎవరికైనా తెలిసినవే.

సెవెన్‌ను పూర్తి కారుగానే కాక విడిభాగాల రూపంలోనూ అమ్మేవారు. అప్పట్లో ఇంగ్లండులో తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలు కొని స్వయంగా బిగించుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. అయితే ఎలా బిగించాలో తెలిపే సూచనల పుస్తకం ఇవ్వకూడదని నియమం. అందుకని లోటస్ వారు కారును ఎలా ఊడదీయాలో చెప్పే కాగితాలు ఇచ్చేవారని, కొన్నవారు వాటిని చివరి నుండి మొదటికి చదువుకొని బిగించుకునేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో నిజమెంతైనా, విప్పడం తెలిసినవాడికి బిగించడం తెలుస్తుందన్న సత్యం అందులో ఉంది. 1973లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చింది. ఆ ఏడాదే సెవెన్‌ను తయారుచేసే హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి.

విడిభాగాల పెట్టె కొనడానికి కూడా స్తోమతు లేనివారి మాట ఏమిటి? దీనికి జవాబు ఒక బడిపంతులు నుండి వచ్చింది. ఇంగ్లండులో ఔండిల్ అనే ఊళ్లో ఒక పాత పాఠశాల ఉంది. 1892లో అక్కడికి ప్రధానోపాధ్యాయుడుగా వచ్చిన శాండర్సన్, పుస్తకాల చదువుకే అలవాటుపడిన ఆ బడిలో ప్రయోగశాలలతో పాటు పనిముట్ల కార్ఖానాలను నెలకొల్పాడు. పిల్లలు లోహాన్ని కోసి, సానబట్టి, యంత్రభాగాలు తయారుచేయడం చదువులో భాగమైంది. 1922లో మరణించేవరకు ఆయన ఆ పని విడువలేదు. సుప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ తన కుమారులను ఆ బడికే పంపాడు. 1924లో శాండర్సన్ జీవితాన్ని ఒక పుస్తకంగా ప్రచురించాడు.

ఆ పాఠశాలలోనే తరువాతి కాలంలో బోధించిన రాన్ ఛాంపియన్, 250 పౌండ్లతో సొంత స్పోర్ట్స్ కారును కట్టుకోవడం ఎలాగో చెబుతూ 1996లో ఒక పుస్తకం వెలువరించాడు. అందులోని కారు సెవెన్‌కు నకలు. తక్కువ ఖర్చు అన్న అర్థం స్ఫురించేలా దానికి ‘లోకోస్ట్’ అనే పేరు స్థిరపడింది. చట్రానికి బజారులో దొరికే అంగుళం చదరపు ఇనుప గొట్టం చాలు. ఇంజను, గేరు పెట్టె, వెనుక ఇరుసు, స్టీరింగు, బ్రేకులు ఒక పాత ఫోర్డు ఎస్కార్టు కారు నుండి తీసుకోవాలి. పుస్తకం పేరులోని 250 పౌండ్లకే పని ముగించినవారు అరుదు. చాలామందికి అంతకు కొన్ని రెట్లు ఖర్చయింది. మొదలుపెట్టి సగంలో వదిలేసినవారి చట్రాలు నేటికీ షెడ్లలో తుప్పు పడుతుంటాయి. అయినా అనేక దేశాల్లో మామూలు ఉద్యోగులు, కార్మికులు, విద్యార్థులు సెలవు దినాల్లో శ్రమించి ఆ కారును రోడ్డు మీదికి తెచ్చారు. పాత ఎస్కార్టులు దొరకడం కష్టమైన తరువాత, 2007లో క్రిస్ గిబ్స్ అనే మరో రచయిత ఫోర్డు సియెర్రా భాగాలతో కట్టే విధానాన్ని పుస్తకంగా తెచ్చాడు.

ఇక పని ఎలా సాగుతుందో కొంత చూడవలసి ఉంది. అసలు పాఠం అక్కడే ఉంది.

మొదట కావలసింది వంకర లేని ఒక పెద్ద బల్ల. దాని మీద చట్రం అడుగుభాగాన్ని నిజమైన కొలతలతో పెన్సిలుతో గీస్తారు. ఆ గీతల వెంబడి చిన్న చెక్కముక్కలు మేకులతో బిగించి, వాటి మధ్య గొట్టాలను కోసి పేరుస్తారు. కోసిన ప్రతి ముక్క కొసనూ ఆకురాయితో అరగదీసి, పక్క గొట్టానికి సందు లేకుండా ఆనేలా చేస్తారు. మూలమట్టంతో మూలలు, రసమట్టంతో సమతలం చూస్తారు. ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానంగా ఉన్నాయా అని కొలుస్తారు. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది గీసేటప్పుడు తాడుతో చేసే పని ఇదే.

తరువాత వెల్డింగు. తెలియనివాడు ఒక మూల మొదలుపెట్టి వరుసగా అతికించుకుంటూ పోతాడు. ఇనుము వేడికి సాగి, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది. వరుసగా అతికిస్తే ముడుచుకున్న ప్రతి అతుకూ చట్రాన్ని ఒక పక్కకు లాగుతుంది. చివరకు అది అరటిపండులా వంగుతుంది. తెలిసినవాడు ముందు అన్ని కీళ్లకూ చుక్కచుక్కగా మాత్రమే అతుకు వేసి, మళ్లీ కొలిచి, ఆ తరువాత ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి చొప్పున, మధ్య మధ్య చల్లారనిస్తూ పూర్తి చేస్తాడు. పదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయని చదివి మార్కులు తెచ్చుకున్నవాడికీ, ఆ వాక్యం చేతిలో ఇనుమును వంచడం చూసినవాడికీ చాలా తేడా ఉంటుంది.

చట్రానికి బలం ఇచ్చేది త్రిభుజం. నాలుగు వెదురు పుల్లలను నాలుగు మూలల మేకులతో బిగించి పక్కకు నెట్టితే చతురస్రం ఒరిగిపోతుంది. ఎదురుమూలలకు అయిదవ పుల్ల బిగిస్తే ఎంత నెట్టినా ఒరగదు. మూడు భుజాల పొడవులు నిశ్చయమైతే త్రిభుజం రూపం మారదన్న రేఖాగణిత సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. పెంకుటింటి దూలాల కూర్పులోను, రైలు వంతెనలోను, విద్యుత్ స్తంభంలోను ఉన్నది ఇదే. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల పలుచటి గొట్టాలు ఇద్దరు మనుషులను, ఇంజనును, మలుపుల ఒత్తిడిని మోయగలుగుతున్నాయంటే ఆ బలం ఇనుముది కాదు, అమరికది. ఎక్కడ ఏటవాలు గొట్టం ఉన్నదో అక్కడ అది ఎందుకున్నదో తెలియనివాడు, ఇంజను పట్టడం లేదని దానిని కోసి పారవేస్తాడు. ఆ ఒక్క కోతతో చట్రం మెలితిరగడం మొదలవుతుంది.

నకలుకు వచ్చే అసలైన పరీక్ష ఇక్కడే. ఛాంపియన్ పుస్తకం తొలి ముద్రణలోని కొన్ని కొలతలు ఒకదానితో ఒకటి పొసగవని కట్టేవారు పట్టుకున్నారు. అచ్చులో ఉన్నది గనుక నిజమని నమ్మినవాడు ఇనుమును వృథా చేసుకున్నాడు. కోయడానికి ముందు కాగితంపై గీసి సరిచూసినవాడు బయటపడ్డాడు. పుస్తకం పట్ల గౌరవం ఉండడం వేరు, పుస్తకాన్ని పరీక్షించకుండా మింగడం వేరు.

ఇంకొక ఉదాహరణ. కట్టేవాడు కాస్త లావుపాటి మనిషి. చట్రం నాలుగు అంగుళాలు వెడల్పు చేద్దామనుకుంటాడు. చిన్న మార్పేనని తోస్తుంది. ముందు చక్రాలను పట్టి ఉంచే కడ్డీలు గతుకు వచ్చినప్పుడు పైకి లేచి దిగుతూ ఒక వృత్తఖండాన్ని గీస్తాయి. చక్రాలను తిప్పే స్టీరింగు కడ్డీ కూడా మరో వృత్తఖండాన్ని గీస్తుంది. ఈ రెండూ ఏకమై కదిలేలా కీళ్ల స్థానాలు అమర్చి ఉంటాయి. చట్రం వెడల్పు పెంచి స్టీరింగును పాతదే ఉంచితే ఆ పొత్తు చెడుతుంది. అప్పుడు గతుకు మీద చక్రం లేచిన ప్రతిసారీ, నడిపేవాడు చేయి కదపకపోయినా, చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. నెమ్మదిగా పోతే తెలియదు. వంద కిలోమీటర్ల వేగంలో అది ప్రాణాంతకం. ఒక కొలత మార్చదలచినవాడు దానితో ముడిపడిన మిగతా కొలతలన్నిటినీ అర్థం చేసుకోవాలి. బట్టీ నకలుకు సాధ్యం కానిది ఇదే.

బ్రేకుల మాట చెప్పకుండా ఈ ప్రసంగం ముగించడం న్యాయం కాదు. బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు నిలబడినవారు ముందుకు తూలినట్టే, కారు ఆగేటప్పుడు బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. వెనుక చక్రాలు తేలికవుతాయి. ఆ సమయంలో వెనుక బ్రేకులు అతిగా పట్టి చక్రాలు ముందుగా బిగుసుకుపోతే, కారు తోక తిరిగి బొంగరంలా చుట్టేస్తుంది. బరువైన కారు కోసం రూపొందించిన బ్రేకులను తేలికైన బండికి తెచ్చిపెట్టినప్పుడు, ముందూ వెనుకల మధ్య పట్టు ఎలా పంచుకుంటున్నదో తిరిగి లెక్క చూడక తప్పదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం వేడెక్కి మరిగితే గొట్టంలో ఆవిరి చేరి, కాలికింద పెడలు మెత్తగా కుంగిపోతుంది. మూత తెరిచి పెట్టిన పాత డబ్బాలోని ద్రవాన్ని వాడడం పొదుపు కాదు.

వెల్డింగులో ఉన్న మోసం మరొకటి. పైకి వెండిపూసలా మెరిసే అతుకు లోపలికి దిగకుండా ఇనుము మీద ఊరికే కూర్చుని ఉండవచ్చు. కంటికి రెండూ ఒకటే. అందుకే నేర్చుకునేవాడు ముందు పనికిరాని ముక్కలను అతికించి, వైసులో బిగించి సుత్తితో కొట్టి చూడాలి. గొట్టం వంగి అతుకు నిలిస్తే చేయి కుదిరినట్టు. అతుకే ఊడివస్తే ఇంకా నేర్చుకోవలసి ఉన్నట్టు. తన పనిని తానే సుత్తితో కొట్టి చూసుకునే ధైర్యం ఏ విద్యకైనా అవసరం. ఇక్కడ మార్కులు వేసేది ఉపాధ్యాయుడు కాదు, రోడ్డు. అది అయిదు మార్కులు కలిపి గట్టెక్కించదు.

విద్యార్థులు గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు కూడా కొన్ని ఉన్నాయి. వెల్డింగు వెలుగును నల్ల కళ్లద్దాలతో చూడరాదు. దానికి తగిన ముసుగు ఉండాలి. జింకు పూత పూసిన గొట్టాన్ని అతికిస్తే వచ్చే పొగ ఆరోగ్యానికి హాని. ఖాళీగా కనిపించే పెట్రోలు ట్యాంకులో ఆవిరి మిగిలి ఉంటుంది. దాని దగ్గరకు నిప్పు తీసుకుపోరాదు. జాకీ మీద నిలిపిన బండి కిందికి, బలమైన స్టాండ్లు పెట్టకుండా, ఎవరూ దూరరాదు.

కట్టినంత మాత్రాన కారు రోడ్డెక్కదు. ఇంగ్లండులో 1998 నుండి ఇటువంటి కార్లకు ఒక్కొక్కదానికీ విడిగా ప్రభుత్వ పరీక్ష పెట్టారు. 2009లో అది మరింత కట్టుదిట్టమైంది. బ్రేకులు, లైట్లు, సీటు బెల్టులు, పొగ, చప్పుడు అన్నిటినీ చూస్తారు. బయటివారికి తగిలే అవకాశమున్న అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. రోడ్డు దాటే బిడ్డకు గీసుకోకూడదన్న ఆలోచన ఆ చిన్న కొలతలో ఉంది. భారతదేశంలో నియమం ఇంకా కఠినం. ఇక్కడ కొత్త రకం వాహనాన్ని రోడ్డు మీదికి తేవాలంటే దాని నమూనాను ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆమోదించాలి. ఉన్న వాహనంలో తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల స్పష్టపరచింది. కనుక ఇంటి షెడ్డులో ఒక బండి కట్టి వీధిలో నడపవచ్చునని ఏ బాలుడూ భ్రమపడరాదు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇంజనీరింగు విద్యార్థులు సొంతంగా బండి రూపొందించి, కట్టి, మూసివున్న మైదానంలో పరీక్షకు నిలిపే పోటీలు మన దేశంలోనూ ఉన్నాయి. బాహా ఎస్.ఎ.ఇ. ఇండియా పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైంది. అందులో ఇంజను అందరికీ ఒకే రకం. తేడా అంతా చట్రంలోను, బుద్ధిలోను చూపించాలి. ఫార్ములా భారత్ అనే మరో పోటీకి కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే వేదిక అయింది.

ఆ మైదానం పేరు వెనుక కరివర్ధన్ అనే వ్యక్తి ఉన్నారు. విదేశీ రేసుకార్లు సామాన్యులకు అందని కాలంలో, కోయంబత్తూరుకు చెందిన ఈ పారిశ్రామికవేత్త మారుతి 800 ఇంజనుతో చౌకైన ఒంటిసీటు రేసుకారును రూపొందించారు. ఫార్ములా మారుతిగా పేరుపొందిన ఆ బండ్ల మీదనే ఎందరో యువకులు ఓనమాలు దిద్దుకున్నారు. 2005లో ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ వారిలో ఒకరు. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి మరణించారు. 2003లో ప్రారంభమైన మైదానానికి ఆయన పేరు పెట్టారు.

అదే కోయంబత్తూరు సీమలో అంతకు ముందు తరంలో జి.డి. నాయుడు జన్మించారు. 1893లో కలంగల్ అనే పల్లెలో, తెలుగు ఇంటిభాషగా గల కుటుంబంలో పుట్టిన ఆయనకు బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. యువకుడుగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లేయ అధికారి నడిపిన రడ్జ్ మోటారు సైకిలును చూసి దానిపై మనసుపడ్డారు. పట్నంలో హోటలు సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నారని, దానిని నడపడానికి మునుపు పూర్తిగా ఊడదీసి మళ్లీ బిగించారని ఆయన జీవితకథ చెబుతుంది. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలైన ఆయన వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీసుగా విస్తరించింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి విద్యుత్ మోటారును తయారుచేసిన ఘనత ఆయనకు దక్కింది. 1952లో రెండు వేల రూపాయలకు అందించగల రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించారు; ప్రభుత్వ అనుమతి లభించక అది ముందుకు సాగలేదు. 1974లో ఆయన కన్నుమూశారు. విప్పి, చూసి, అర్థం చేసుకొని, మళ్లీ బిగించిన ఒక మోటారు సైకిలు నుండి ఇంత దూరం వచ్చారు. తెలుగునాడుకు వెలుపల, తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన బిడ్డలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

ఈ ఉదాహరణ చెప్పడానికి ఒక కారణముంది. పరరాష్ట్రాలలోని తెలుగు మాధ్యమ పాఠశాలలకు పిల్లలు తగ్గుతున్నారన్న దిగులు తెలిసిందే. తెలుగులో చదివితే సాంకేతిక విద్య అందదన్న భయమే ఇందుకు ప్రధాన కారణం. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయడం తగదు. బిడ్డ భవిష్యత్తు కోసం తల్లిదండ్రులు పడే ఆరాటం అది. యంత్రాల పుస్తకాలు, పరీక్షలు, నియమావళులు అధికంగా ఆంగ్లంలోనే ఉన్న మాట నిజం. బిడ్డలు ఆంగ్లాన్ని బాగా నేర్వవలసిందే. నిలిచిన సీమ భాషనూ నేర్వవలసిందే.

కాని అర్థం కావడం అనే పని మొదట ఏ భాషలో జరుగుతుందో ఆలోచించాలి. ఇరుసు, చట్రం, కమాను, మూలమట్టం, రసమట్టం, ఆకురాయి, పటకారు అనే మాటలు కమ్మరి కొలిమిలోను, వడ్రంగి పందిట్లోను పుట్టి పెరిగిన మాటలు. వాటి వెనుక పని ఉంది. నట్టు, బోల్టు, గేరు, బ్రేకు, పానా అనే మాటలను మెకానిక్కులు తెలుగు చేసి ఏనాడో ఇంటికి తెచ్చుకున్నారు. ‘త్రిభుజం’ అనే మాటను పుల్లలతో చేసి చూసిన పిల్లవాడు, రేపు కాలేజీలో దానికున్న ఆంగ్లపు పేరును ఒక్క రోజులో నేర్చుకుంటాడు. పేరు మాత్రమే ఆంగ్లంలో వల్లించి పుల్ల ముట్టనివాడికి ఆ అర్థం కాలేజీలోనైనా దొరుకుతుందన్న హామీ లేదు. తెలుగు మాధ్యమానికి నిజమైన ముప్పు ఆంగ్లం కంటె బట్టీ నుండే ఎక్కువ. బట్టీ పట్టేటట్టయితే ఏ భాషలో పట్టినా ఒకటే. అప్పుడు తల్లిదండ్రులు డబ్బు వచ్చే భాషను ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు. అర్థమయ్యేటట్టు, చేతికి అందేటట్టు బోధించే చోటు ఇదేనని వారికి కనిపిస్తే బిడ్డలను ఇక్కడికే పంపుతారు.

ఈ ఉత్సవ సందర్భంగా పూర్వ విద్యార్థులు బడికి ఏదైనా చేయాలని తలపోస్తుండడం ముదావహం. తోరణాలు, శిలాఫలకాలు, సభా మండపాలు ఉండవలసినవే. వాటితో పాటు ఒక చిన్న గది, గట్టి బల్ల ఒకటి, దానికి బిగించిన వైసు, కొన్ని మంచి పనిముట్లు, ఊడదీయడానికి పాడైన మోపెడు ఇంజను ఒకటి, వాటి మీద శ్రద్ధ గల ఉపాధ్యాయుడు ఒకరు సమకూడితే పని మొదలుపెట్టవచ్చు. పిల్లల చేత కారు కట్టించనక్కరలేదు; కట్టించకూడదు కూడా. వెల్డింగు వంటివి పెద్ద వయసులో, తగిన శిక్షణతో నేర్వవలసినవి. ఇంజను ఊడదీసి, ప్రతి భాగానికీ పేరు రాసి, కాగితం మీద దాని బొమ్మ గీసి, మళ్లీ బిగించి, ఒక్క బోల్టు కూడా మిగలకుండా చూసుకుంటే ఆ ఏడాదికి అదే పెద్ద చదువు. వర్కుషాపులు నడుపుతున్న పూర్వ విద్యార్థులు, మిల్లుల్లోను రైల్వేలోను పనిచేసి విరమించినవారు నెలకు ఒక శనివారం పూట వచ్చి పిల్లల పక్కన నిలబడితే చాలు. డబ్బు కంటె ఆ పూట విలువైనది.

అందులో మరొక లాభం కూడా ఉంది. లెక్కల పరీక్షలో వెనుకబడిన పిల్లవాడు ఆ బల్ల దగ్గర ముందుండవచ్చు. గ్రీజు అంటిన చేతులతో ఇంటికి వచ్చే తండ్రి, తన పని కూడా విద్యేనని బిడ్డ నోట వినవచ్చు. ఆడపిల్లలకు ఆ గదిలో సమాన స్థానం ఉండాలని వేరుగా చెప్పవలసి రావడమే విచారకరం. చెప్పకపోతే మరచిపోతారు గనుక చెప్పక తప్పదు.

డెబ్బై అయిదేళ్ల కిందట ఈ బడిని ప్రారంభించినవారు కూడా ఒక నకలే చేశారు. తాము విడిచివచ్చిన ఊళ్లలోని బడిని మనసులో ఉంచుకొని, ఇక్కడ దొరికిన నేల మీద, ఇక్కడి అవసరాలకు తగినట్టు దానిని మళ్లీ కట్టారు. ఏ భాగం ఎందుకున్నదో తెలిసి కట్టారు గనుకనే ఇన్నేళ్లు నిలిచింది. ఇకముందు దీనిని నడపవలసినవారు కూడా అవసరమైన చోట కొలతలు మార్చవచ్చు. ఏటవాలు గొట్టాలను మాత్రం తెలియక కోసివేయకుండా చూసుకోవాలి. మాతృభాషలో అర్థం, చేతిలో పని, చేసిన పనిని తానే పరీక్షించుకునే నిజాయితీ అనే మూడు భుజాలు బిగిసి ఉన్నంతకాలం ఈ పాఠశాల ఒరగదు.

 పాఠశాల శతవసంతాలు పూర్తిచేసుకోవాలని, ఆనాటి సభలో నేటి చిన్నారులు వేదికపై ఉండాలని ఆకాంక్ష.